దీపధారిణి ఫ్లారెన్స్ నైటింగేల్

అది 1854వ సంవత్సరం, చలికాలం. టర్కీ దేశంలోని స్కుటారీ పట్టణంలో సముద్రం ఒడ్డున ఒక పెద్ద సైనిక ఆసుపత్రి ఉండేది. దాని వరండాల నిండా గాయపడిన సైనికులు, జ్వరపడిన సైనికులు. అందరి పడకలనూ ఒక వరుసలో పేరిస్తే నాలుగు మైళ్ళ పొడవు ఉంటుందని చెప్పుకొనేవారు. రాత్రి పొద్దుపోయాక, వైద్యులు కూడా వెళ్ళిపోయిన తరువాత, ఒక స్త్రీ చేతిలో లాంతరు పట్టుకొని ఆ పడకల మధ్య నెమ్మదిగా నడిచేది. నొప్పితో మూలుగుతున్నవారి దగ్గర ఆగేది. దాహమన్నవారికి నీరందించేది. ఆమెను చూస్తేనే సైనికులకు ధైర్యం కలిగేది. ఆమే ఫ్లారెన్స్ నైటింగేల్. లోకం ఆమెను దీపధారిణి అని పిలిచింది.

ఆమె ఆ దీపం పట్టుకొని తిరిగినది రెండేళ్ళలోపే. యుద్ధం ముగిసిన తరువాత దాదాపు నలభై ఏళ్ళపాటు ఆమె చేసిన పని అంతకన్నా పెద్దది. ఆ పనికి ఆమె వాడిన సాధనాలు కలము, కాగితము, అంకెలు.

ఫ్లారెన్స్ 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫానీ. వారిది ఇంగ్లండులో సంపన్న కుటుంబం. వేసవిలో ఒక భవనంలోనూ, మిగతా కాలంలో మరొక భవనంలోనూ ఉండేవారు. ఫ్లారెన్స్‌కు పార్థినోప్ అనే అక్క ఉండేది. తండ్రి బాగా చదువుకున్నవాడు. ఆడపిల్లలకు పెద్ద చదువులు అక్కరలేదని అనుకునే ఆ రోజుల్లో ఆయన కూతుళ్ళిద్దరికీ స్వయంగా గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలూ, చరిత్రా నేర్పాడు. ఫ్లారెన్స్‌కు మాత్రం గణితమంటే ప్రాణం. ఆడపిల్లకు లెక్కలెందుకని ఇంట్లో అభ్యంతరం చెప్పినా, పట్టుబట్టి నేర్చుకున్నది. ఆ లెక్కలే తరువాత వేలాది ప్రాణాలను నిలబెట్టాయి.

ఆ ఊళ్ళో బీదవారు జబ్బుపడితే ఫ్లారెన్స్ వారి ఇళ్ళకు వెళ్ళి సాయం చేసేది. 1837లో, పదహారేళ్ళ వయసులో, భగవంతుడు తనను సేవకు పిలుస్తున్నట్లు ఆమెకు తోచింది. ఆ సేవ రోగులకు పరిచర్య చేయడమేనని కొన్నాళ్ళకు తేల్చుకున్నది. 1845లో దగ్గరి పట్టణంలోని ఆసుపత్రిలో చేరి పరిచర్య నేర్చుకుంటానని అడిగింది. తల్లీ అక్కా నివ్వెరపోయారు. వారి భయానికి కారణం లేకపోలేదు. ఆ కాలంలో ఆసుపత్రులు మురికికూపాలుగా ఉండేవి. నర్సులకు శిక్షణ అనేది లేదు. వారిలో చాలామంది తాగుబోతులని జనం చెప్పుకొనేవారు. గౌరవమైన కుటుంబంలోని ఆడపిల్ల ఆ పని చేయడమేమిటని ఇంటివారు ఒప్పుకోలేదు.

ఫ్లారెన్స్ ఎదురు తిరగలేదు. అలాగని ఊరుకోనూ లేదు. తెల్లవారకముందే లేచి, దీపపు వెలుగులో ఆసుపత్రుల నివేదికలూ, ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రభుత్వ పత్రాలూ చదివేది. తనకు కావలసిన అంకెలను పుస్తకాలలో రాసుకునేది. పొద్దెక్కాక మామూలుగా ఇంటి పనులలో, విందులలో కూర్చునేది. పెళ్ళి చేసుకుంటే ఈ జీవితమే చివరిదాకా సాగుతుందని తలచి, తనకు ఇష్టమైన వ్యక్తి అడిగినా 1849లో కాదన్నది. ఇలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. చివరకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్ అనే చోట, రోగులకు సేవ చేసే ఒక క్రైస్తవ సంస్థలో మూడు నెలలు ఉండి పని నేర్చుకోగలిగింది. 1853లో లండనులో జబ్బుపడిన స్త్రీల కోసం నడిపే ఒక చిన్న ఆసుపత్రికి అధికారిణి అయింది. అప్పుడామె వయసు ముప్పైమూడు సంవత్సరాలు. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడినీరు రావాలనీ, రోగి పిలిస్తే నర్సుకు వినబడేలా గంటలు ఉండాలనీ ఆమె కోరింది. నర్సు మెట్లెక్కి దిగడంలోనే అలసిపోతే రోగిని చూసుకునేదెవరని ఆమె ఆలోచన.

ఆ మరుసటి ఏడే పెద్ద పరీక్ష వచ్చింది. నల్లసముద్రం తీరంలోని క్రిమియాలో రష్యాకు ఎదురుగా బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ సేనలు పోరాడుతున్నాయి. గాయపడిన బ్రిటిషు సైనికులను ఓడలలో ఎక్కించి, సముద్రం దాటించి స్కుటారీకి తెచ్చేవారు. అక్కడ వారికి కట్లు కట్టేవారు లేరనీ, కనీసపు వసతులు లేవనీ టైమ్స్ పత్రిక విలేఖరులు రాశారు. ఆ వార్తలు చదివి ఇంగ్లండు ప్రజలు మండిపడ్డారు. అప్పుడు యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్. ఆయన ఫ్లారెన్స్‌ను బాగా ఎరిగినవాడు. నర్సులను తీసుకొని స్కుటారీకి వెళ్ళవలసిందిగా ఆయన ఆమెను కోరాడు. అదే సమయంలో ఆమె కూడా తాను వెళతానని రాసింది. 1854 అక్టోబరు 21న ముప్పైఎనిమిది మంది నర్సులతో బయలుదేరి, నవంబరు 4న స్కుటారీ చేరుకున్నది.

అక్కడి వైద్యాధికారులు ఆమెను సంతోషంగా ఆహ్వానించలేదు. ఆడవారికి సైనిక ఆసుపత్రిలో ఏమి పని అన్నట్లు చూశారు. వైద్యులు పిలవనిదే ఏ నర్సూ రోగిని ముట్టరాదని ఫ్లారెన్స్ తనవారికి గట్టిగా చెప్పింది. పని లేని ఆ కొద్ది రోజులూ నర్సులు గుడ్డలు చించి కట్లు తయారుచేశారు, దిండ్లు కుట్టారు. ఇంతలో యుద్ధభూమి నుంచి క్షతగాత్రులు వందల సంఖ్యలో వచ్చిపడ్డారు. వైద్యులకు చేతులు చాలలేదు. ఆమె సాయం కోరక తప్పలేదు.

ఆసుపత్రిలో మంచాలు చాలవు. దుప్పట్లు లేవు. తువ్వాళ్ళు లేవు. ఎలుకలు యథేచ్ఛగా తిరుగుతున్నాయి. మరుగుదొడ్లు పొంగి పొర్లుతున్నాయి. కావలసిన సరుకులు గిడ్డంగిలో ఉన్నా, సంతకాలు పూర్తికానిదే బయటికి రావు. ఫ్లారెన్స్ దగ్గర ప్రజలు చందాలుగా ఇచ్చిన డబ్బు ఉన్నది. దానితో బట్టలు, పాత్రలు, నేల తోమే బ్రష్షులు కొన్నది. పాడుపడిన వార్డులను బాగుచేయించడానికి సుమారు 200 మంది పనివారిని పెట్టింది. బట్టలు ఉతకడానికి ఇల్లు అద్దెకు తీసుకున్నది. జబ్బుపడినవారికి తగిన ఆహారం వండడానికి వేరే వంటశాల పెట్టించింది. సైనికుల తరఫున ఇళ్ళకు ఉత్తరాలు రాసింది. చనిపోయినవారి తల్లులకు తానే కబురు రాసింది. సైనికులు జీతాన్ని తాగుడుకు తగలేస్తారని అధికారులు అనేవారు. ఆమె వారికి చదువుకునే గది ఏర్పాటు చేసింది. ఇళ్ళకు డబ్బు పంపుకునే వీలు కల్పించింది. ఆరు నెలలలోపే సైనికులు 71,000 పౌనులు ఇళ్ళకు పంపుకున్నారు.

ఇంత చేసినా చావులు తగ్గలేదు. ఆ చలికాలంలో స్కుటారీలో నాలుగువేలకు పైగా సైనికులు మరణించారు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో సుమారు 42 మంది చనిపోయారు. వారిలో గాయాలతో పోయినవారు తక్కువ. కలరా, టైఫస్ జ్వరం, విరేచనాలు వారిని బలిగొన్నాయి. మార్చి నెలలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చింది. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయని ఆ సంఘం కనిపెట్టింది. తాగే నీరు వచ్చే కాలువలో జంతువుల కళేబరాలు ఉన్నాయి. సంఘంవారు కాలువలు శుభ్రం చేయించారు, కళేబరాలు తీయించారు, గోడలకు సున్నం కొట్టించారు, గాలి వచ్చే దారులు తెరిపించారు. మూడు నెలలు గడిచేసరికి మరణాలు వందకు సుమారు రెండుకు దిగిపోయాయి.

1855 మే నెలలో ఫ్లారెన్స్ క్రిమియా వెళ్ళి అక్కడి ఆసుపత్రులు చూస్తుండగా తీవ్రమైన జ్వరం పట్టుకున్నది. చావు దాకా వెళ్ళి బతికింది. ఇంటికి వెళ్ళమని ఎంతమంది చెప్పినా, ఆఖరు సైనికుడు వెళ్ళేదాకా ఉంటానని ఉండిపోయింది. 1856 ఆగస్టులో, మారుపేరుతో ప్రయాణం చేసి ఇంగ్లండు చేరింది. దేశమంతా ఆమెకు ఘనస్వాగతం చెప్పడానికి సిద్ధంగా ఉంటే, ఆమె ఎవరికీ తెలియకుండా రైలు దిగి ఇంటికి నడిచివెళ్ళింది.

సన్మానాలు ఆమెకు రుచించలేదు. వేలాది సైనికులు ఎందుకు చనిపోయారన్న ప్రశ్న ఆమెను వదలలేదు. ఆ సెప్టెంబరులో విక్టోరియా రాణిని కలిసి, సైన్యం ఆరోగ్యంపై విచారణ జరిపించాలని కోరింది. 1857లో రాజవిచారణ సంఘం ఏర్పడింది. ఆడవారికి అందులో సభ్యత్వం లేదు. సంఘానికి అధ్యక్షుడు సిడ్నీ హెర్బర్ట్. వెనుక ఉండి లెక్కలు కట్టినది ఫ్లారెన్స్. ఆమెకు విలియం ఫార్ అనే గణాంక శాస్త్రవేత్త తోడ్పడ్డాడు.

ఆ లెక్కలు ఆమెకు ఒక చేదు నిజం చెప్పాయి. యుద్ధంలో రణరంగంలో కూలినవారు 2,755 మంది. గాయాలతో పోయినవారు 2,019 మంది. రోగాలతో పోయినవారు 16,323 మంది. అంతేకాదు, ఆసుపత్రులన్నింటిలోకి ఎక్కువ మరణాలు జరిగింది స్కుటారీలోనే. అంటే, ఏ ఆసుపత్రిలో ఆమె రాత్రింబవళ్ళు సేవ చేసిందో, ఆ ఆసుపత్రే సైనికులకు మృత్యుద్వారమైంది. సరైన తిండి లేకనో, ఆలస్యంగా తీసుకురావడం వల్లనో వారు చనిపోతున్నారని ఆమె అప్పట్లో అనుకున్నది. అసలు కారణం కాళ్ళ కింది మురుగులో, ఊపిరాడని గదులలో ఉన్నది. లోకమంతా తనను దేవతగా కొలుస్తున్న వేళ ఇది తెలుసుకోవడం ఆమెకు ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. ఆమె ఆ అంకెలను దాచిపెట్టలేదు. 1858లో ఎనిమిది వందలకు పైగా పుటలున్న నివేదిక రాసి, స్కుటారీ మరణాలను అందులో ఉన్నది ఉన్నట్లుగా చూపింది. శాంతికాలంలో ఇంగ్లండులోని సైనిక నివాసాలలో కూడా, అదే వయసు పౌరులకన్నా సైనికులు దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని నిరూపించింది.

అంకెల పట్టికలను అధికారులు చదవరని ఆమెకు తెలుసు. అందుకే వాటిని బొమ్మగా గీయించింది. ఒక చక్రాన్ని పన్నెండు నెలలకు పన్నెండు రేకులుగా విభజించింది. ఏ నెలలో ఎన్ని మరణాలో, ఆ రేకు అంత పెద్దది. రోగాలతో పోయినవారికి ఒక రంగు, గాయాలతో పోయినవారికి మరొక రంగు. చూడగానే ఎవరికైనా విషయం అర్థమయ్యేది. 1858లోనే లండను గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే. విచారణ ఫలితంగా సైనిక నివాసాలకు మంచినీరు, మురుగు కాలువలు, గాలి వెలుతురు వచ్చాయి. 1860లో సైనిక వైద్య విద్యాలయం ఏర్పడింది.

యుద్ధకాలంలో ప్రజలు ఆమె పేరిట చందాలు వేసి పెద్ద నిధి సమకూర్చారు. ఆ డబ్బుతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం వెలిసింది. మొదటి జట్టులో పదిహేను మంది చేరారు. ఒక సంవత్సరం శిక్షణ, క్రమశిక్షణ, పాఠాలు, వార్డులలో పని. అక్కడ నేర్చుకున్నవారు ఇతర ఆసుపత్రులకు వెళ్ళి మరికొందరికి నేర్పారు. 1868లో లూసీ ఆస్‌బర్న్ మరికొందరు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్ళింది. ఒకప్పుడు గతిలేనివారు చేసే పనిగా భావించిన నర్సు పని, చదువుకొని నేర్చుకోవలసిన విద్య అయింది. ఇంటివద్ద రోగిని ఎలా చూసుకోవాలో సామాన్యులకు తెలియజెప్పడానికి ఆమె ఒక చిన్న పుస్తకం కూడా రాసింది. మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు - ఈ ఐదూ ఇంటికి ప్రాణమని అందులో వివరించింది.

యుద్ధంలో పట్టుకున్న జబ్బు ఆమెను పూర్తిగా వదలలేదు. 1857 తరువాత చాలా ఏళ్ళు ఆమె మంచంమీదనే గడిపింది. మంచమే ఆమెకు కచేరీ. మంత్రులు, వైద్యులు, ఇంజనీర్లు ఆమె గదికి వచ్చి సలహాలు తీసుకునేవారు. ఆ గదినుంచే ఆమె దృష్టి మన దేశం మీదికి మళ్ళింది.

భారతదేశంలోని బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని ఆనాటి లెక్కలు చెప్పాయి. ఫ్లారెన్స్ ప్రశ్నపత్రాలు తయారుచేసి ఇక్కడి సైనిక స్థావరాలన్నింటికీ పంపించింది. నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు, మురుగు ఎటు పోతుంది, ఒక గదిలో ఎంతమంది పడుకుంటారు వంటివి ఆ ప్రశ్నలు. జవాబులన్నీ కలిపి 1863లో రెండువేలకు పైగా పుటల నివేదిక వెలువడింది. వైస్రాయిగా బయలుదేరుతున్న సర్ జాన్ లారెన్స్ ముందుగా ఆమెను కలిసి మాట్లాడి వచ్చాడు. మద్రాసు, బొంబాయి, బెంగాలు రాజధానులలో పారిశుద్ధ్య సంఘాలు ఏర్పడ్డాయి. పదేళ్ళకు సైనికుల మరణాలు వెయ్యికి 18కి తగ్గినట్లు ఆమె 1873లో ప్రకటించింది.

అంతటితో ఆగిపోతే ఆమె సైన్యానికి మాత్రమే మేలు చేసినదయ్యేది. ఊరిలో జనం రోగాలతో పోతుంటే ఊరి పక్కన దండు ఆరోగ్యంగా ఉండదని ఆమె గ్రహించింది. రైతు కడుపు నిండనిదే ఊరికి ఆరోగ్యం రాదని కూడా గ్రహించింది. 1876లో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. పెద్దలు దానిని ధాత కరువు అని పిలిచేవారు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు అల్లాడిపోయాయి. లక్షలమంది మరణించారు. అప్పటికి పాతికేళ్ళ క్రితమే, 1852 నాటికి, సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట కట్టి ఉన్నాడు. ఆ నీరు పారిన డెల్టా పచ్చగా నిలిచింది. కాటన్‌తో ఫ్లారెన్స్ ఉత్తరాలు నడిపింది. సాగునీటి కాలువలు తవ్వించాలనీ, రైతులమీద అప్పుల భారం తగ్గించాలనీ 1877 నుంచి ఇంగ్లండు పత్రికలలో వరుసగా వ్యాసాలు రాసింది. ప్రభుత్వానికి నచ్చకపోయినా మానలేదు. గ్రామాల శుభ్రత గురించి పూనా సార్వజనిక సభ వంటి భారతీయ సంఘాలకు కూడా రాసింది. ఒక్కసారి కూడా మన దేశం చూడని స్త్రీ మన ఊళ్ళ బావులగురించి, కాలువలగురించి ముప్పై ఏళ్ళకు పైగా తపన పడింది.

ఆమె అన్ని విషయాలలోనూ సరిగానే ఆలోచించిందని చెప్పలేము. చెడుగాలి వల్ల రోగాలు పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. ఆమె కూడా అలాగే నమ్మింది. సూక్ష్మజీవుల వల్ల రోగాలు వ్యాపిస్తాయన్న మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. తరువాత శాస్త్రం ముందుకు సాగిన కొద్దీ తన అభిప్రాయం మార్చుకున్నది. తప్పు తెలిసినప్పుడు దిద్దుకోవడం ఆమెకు స్కుటారీ లెక్కలు నేర్పిన పాఠమే.

ముసలితనంలో ఆమెకు చూపు పోయింది. 1907లో బ్రిటిషు రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే ఉన్నత పురస్కారాన్ని ఇచ్చింది. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమే. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ళ వయసులో, ఆమె కన్నుమూసింది. దేశంలోని మహనీయులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆమెకు చోటివ్వడానికి ప్రభుత్వం ముందుకు వచ్చింది. బంధువులు ఒప్పుకోలేదు. ఆమె కోరినట్లే, చిన్ననాటి ఇంటికి దగ్గరగా ఉన్న పల్లెలో, తల్లిదండ్రుల పక్కన సమాధి చేశారు. ఆ రాతిమీద ఆమె పూర్తి పేరు కూడా లేదు. పేరులోని పొడి అక్షరాలు రెండు, పుట్టిన, గిట్టిన తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆమె పుట్టినరోజైన మే 12ను ప్రపంచమంతటా నర్సుల దినంగా జరుపుతారు. మన భారత ప్రభుత్వం 1973 నుంచి ఉత్తమ నర్సులకు ఆమె పేరిట పురస్కారం ఇస్తున్నది.

నర్సులు ఆమెను స్మరించేటప్పుడు దీపం వెలిగిస్తారు. ఆ దీపం రోగి ముఖం మీద వెలుగు ప్రసరింపజేసింది. కాని రోగిని చూసి జాలిపడడంతో ఆమె ఆగలేదు. అతడెందుకు జబ్బుపడ్డాడో వెతికింది. ఆ వెతుకులాటలో తన ఆసుపత్రి తప్పే బయటపడినా ముఖం తిప్పుకోలేదు. ఆ నిజాన్ని పదిమందికీ చెప్పి, మరొకరు అలా చనిపోకుండా చూడడానికి తన జీవితాన్ని వెచ్చించింది. దయకు తోడు నిజాయితీ, కృషి ఉంటే ఒక్క మనిషి ఎంతమందిని కాపాడగలదో ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం చూపుతున్నది.